లాల్‌సింగ్ యాభై ఏడు

ఏంది భానూ, ఫోన్ల నొక్కంగనే యాంగిలొచ్చేసిందా? మంచిదే బిడ్డా. మా పెనుబల్లి లేత్ షెడ్డుల లాల్‌సింగ్ అని ఉండె, దమ్మపేట పక్క తండా మనిషి. ఆయనకు ఫోనూ లేదు, పుస్తకమూ లేదు. షాఫ్టు కొసకు సన్నగ వాలు తియ్యాలంటే పెద్దమూతి అడ్డం కొలిచేటోడు, చిన్నమూతి అడ్డం కొలిచేటోడు, తేడా తీసి పొడుగుతోని భాగించి, యాభై ఏడుతోని గుణించి, సగం చేసేటోడు. అంతే, డిగ్రీలొచ్చినట్టే. యాభై ఏడు ఏడికెల్లొచ్చిందే అన్నా అంటే, "నా ఉస్తాద్ ఇచ్చిండు, పోయి ఆయన్నే అడుగు" అంటుండె. ఆ ఉస్తాద్ సచ్చి అప్పటికే ఇరవై ఏండ్లు.

నేనేమో ఖమ్మంల ఐటీఐ చేసి కొత్తగ వచ్చిన. జేబుల యాంగిళ్ల టేబుల్ బుక్కు. ఆయన లెక్క చూస్తే నవ్వొచ్చేది నాకు. ఇగ వానకాలం, ఒక రైసుమిల్లు షాఫ్టు విరిగింది. వడ్లు తడుస్తున్నయని వాళ్ల లొల్లి. షెడ్డుల గా సైజు కడ్డీ ఒక్కటే ఉన్నది. అన్న బువ్వకు పోయిండు, నేనే మిషనెక్కించిన. పెద్దమూతి యాభై మిల్లీమీటర్లు, చిన్నమూతి నలభై, పొడుగు నూరు. బుక్కు చూస్తే ఇంచుమించు ఐదు ముప్పావు డిగ్రీలు. కోసే ఉలిని గట్లనే వాలుకు తిప్పి పెట్టిన. సగం చెయ్యాలె గద? చెయ్యలే. చిన్నమూతి నలభైకొచ్చింది, వాలు చూస్తే సగం పొడుగే ఉన్నది. ఆగాలె గద? ఆగలే. పొడుగు చాల్తలేదని ఇంకింత కోసిన. పొడుగు నూరైంది, మూతి ముప్పై అయింది. ఇనుము బిడ్డా, కోసినంక మళ్ల అతుకుతదా?

అన్నొచ్చి చూసిండు. తిట్టలే. "తమ్మీ, గుండ్రటిదానికి రెండు పక్కలుంటయి. పుస్తకం రెండు పక్కలది కలిపి చెప్పింది, నువ్వంత ఒక్క పక్కనే కోసినవ్" అన్నడు. గంతల షెడ్డు ఓనరు వెంకటరామారావు ఊడిపడ్డడు. "ఎవడ్రా కోసింది?" "నేనే సార్, లెక్క తప్పింది" అన్నడు అన్న. నాకు పెండ్లి కుదిరిందని ఆయనకెరుకే. రేపట్నించి రాకన్నడు ఓనరు. అన్న చేతులు కడుక్కొని పోయిండు.

ఇగ బజారంత ఒకటే మాట, లాల్‌సింగ్ లెక్క ఉత్తదేనట అని. ఆయనను మళ్ల ఎవ్వరూ పనికి పిలవలే. టర్నర్లందరు యాంగిలు కోసం నా దగ్గరికే వచ్చేటోళ్లు, బుక్కున్నది గద. నేను బుక్కు ముందల తెరిచి పెట్టుకునేది, మనసుల మాత్రం యాభై ఏడుతోనే కట్టేది. ఒక్కనాడు తప్పలే.

తప్పు నాదని ఎవరికన్న చెప్పిన్నా అంటవా? ఆగు, వస్తున్న. అన్న సచ్చిపోయినంక దినాలకు తండాకు పోయిన. వాళ్లింటామె, సక్రి వదిన, నన్ను పక్కకు పిలిచింది. "తమ్మీ, నువ్వు ఆయన పక్కనే ఉంటివి గద. ఆయన లెక్క నిజంగనే తప్పిందా? నేనెన్నిసార్లడిగినా నవ్వి ఊకున్నడు" అన్నది. ఆమెకు తప్పలేదన్న ఒక్క మాట చాలు. నేనేమన్ననో ఎరుకేనా? "అన్నకు కండ్లు సరిగ ఆనకుండె వదినా" అన్న.

కరెంటొచ్చినట్టున్నది. లే, మిషన్ ఆన్ చెయ్యి.