ఎముక పట్టేదాకా

పళ్ళ ఆసుపత్రి గది. వాలు కుర్చీలో భార్య, పక్కన స్టూలు మీద భర్త. గోడకున్న తెర మీద ఆమె దవడ స్కాన్ చూస్తూ డాక్టరమ్మ.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"దానికి నొప్పేం లేదండీ. ముందు పళ్ళు పెట్టేస్తే చాలు. నలుగురిలో నోరు తెరవలేకపోతోంది."

"నేను అమ్మను అడిగానండీ."

"అది మాట్లాడదు డాక్టర్ గారూ. మూగనోము పట్టింది. దాని నోరు కూడా నేనే అనుకోండి."

"సరే. ఈ నాలుగు పై పళ్ళూ ఎలా పోయాయి?"

"మెట్ల మీంచి పడింది. నేల చూసి నడిస్తేగా!"

"నాలుగూ ఒకేసారా?"

"ఒకేసారే. ఏమే, అంతేగా?"

"ఊఁ."

"ఇటు చూడండి. పన్ను ఊడితే దాన్ని పట్టుకునున్న ఎముక ఏళ్ళ మీద కరిగిపోతుంది. ఈ పక్క రెండింటి చోటా దాదాపు ఏమీ మిగల్లేదు. ఆ పక్క ఇంకా కరగనే లేదు."

"అంటే?"

"అంటే ఒకేసారి పోయినవి కావు."

"రెండుసార్లు పడిందేమోనండీ, ఎన్నని గుర్తుంటాయి? పళ్ళెప్పుడు పెడతారో చెప్పండి. వచ్చే నెల మా ఇంటికి చుట్టాలొస్తున్నారు."

"వచ్చే నెల కుదరదు. మేకు దిగాలంటే గోడ ఉండాలి కదా! ముందు ఎముక పొడి నింపి, పైన పొర కప్పి, చిగురు కుట్టేస్తాను. అది గట్టిపడడానికి ఆర్నెల్లు. ఆ తర్వాతే స్క్రూలు, పళ్ళు."

"ఆర్నెల్లా!"

"ఆ ఆర్నెల్లూ మొహానికి చిన్న దెబ్బ కూడా తగలకూడదు. తగిలిందంటే పోసిందంతా కదిలిపోతుంది. మళ్ళీ మొదటికే. విన్నారా?"

"నాకు చెబుతారేంటండీ? పడేది అది."

"ఇద్దరికీ చెబుతున్నాను. ఇంకో ఎక్స్‌రే తియ్యాలి, మీరు కాస్త బయట కూర్చోండి."

"నేనుంటే ఏం? ఒక్కతే అయితే అది భయపడుతుంది."

"కిరణాలండీ. మీకే మంచిది కాదు."

"అలాగా... సరే, సరే. తలుపు వెయ్యాలా?"

"వెయ్యాలి."

తలుపు పడింది.

"అమ్మా, ఎక్స్‌రే ఏం లేదు. ఇప్పుడు చెప్పు. ఎలా పోయాయి?"

"మెట్లు..."

"మీ ఇంట్లో మెట్లున్నాయా?"

"కింది వాటా అండీ మాది."

"పుట్టింట్లో ఎవరూ లేరా తల్లీ?"

"అన్నయ్య ఉన్నాడు. రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ ఈయనొచ్చి అన్నయ్య కాళ్ళ మీద పడ్డాడు. అన్నయ్యే కారెక్కించాడు."

"నాకు తెలిసినావిడ ఒకరున్నారు. ఇలాంటివాళ్ళకి సాయం చేస్తారు. నంబరిస్తాను, ఫోను—"

"నా ఫోను ఆయన జేబులో ఉంటుందండీ."

"పోనీ, నేనే మాట్లాడతాను."

"వద్దు! వద్దమ్మా, మీకు దణ్ణం పెడతాను. ఒక్కటి చెయ్యండి చాలు. ఇందాక చెప్పారే, దెబ్బ తగలకూడదని. అది ఆయనకి మళ్ళీ చెప్పండి. ఇంకా గట్టిగా చెప్పండి. తను కొన్న వస్తువంటే ఆయనకి ప్రాణం. కొత్త బండి మీద ఈగను కూడా వాలనివ్వడు."

"చెబుతాను."

"ఆర్నెల్లని కాకుండా, తొమ్మిది నెలలని..."

"తొమ్మిదంటాను. ఏడాదంటాను. నా నోటికి అడ్డేముంది? కానీ ఆ తర్వాతో?"

"డాక్టర్ గారూ! అయిందా?"

"ఒక్క నిమిషం! లోపలికి రాకండి!"

"తర్వాతది కూడా ఆలోచించానమ్మా. నా కింది పళ్ళు ఎలా ఉన్నాయి?"

"నిక్షేపంలా ఉన్నాయి. వాటి జోలికి పోనక్కర్లేదు. ఏం?"

"ఏడాది అయిపోగానే... వాటిని కూడా పీకేసి ఎముక పోస్తారా?"