ఒంటిచెప్పు చిన్నాయన, మన గోబ్నిట్ గారు

1989 సెప్టెంబరు నాలుగవ తేదీ సోమవారం ఉదయం, కెర్రీ జిల్లా ట్రలీలోని మన జానపద పదకోశ కార్యాలయంలో సహాయ సంకలనకర్తగా శ్రీమతి గోబ్నిట్ లింగ్షీ గారు పదవీ బాధ్యతలు స్వీకరించారు. వానలో తడిసిన కోటైనా విప్పకుండా, "మీ పదాల చీటీల బీరువాలో చిన్నాయన ఎన్ని పేర్లతో ఉన్నాడండీ?" అని అడిగారట! ఆ ఉత్సాహం నేటికీ ఆవగింజంత తగ్గలేదు, వెంట తిరిగిన మాకే ఆయాసం వస్తోంది.

చిన్నాయన అంటే మన పొలాల గట్ల చాటున కూర్చుని చెప్పులు కుట్టుకునే, జానపద కథల జానెడు మాయామనిషే. తూర్పు జిల్లాలలో లెప్రకాన్‌గా, టిప్పరేరీలో లురగడాన్‌గా, కార్క్‌లో క్లూరికాన్‌గా, మన కెర్రీలో లురికాన్‌గా లిఖితుడైన ఆ మహానుభావుని నామభేదాలకై గోబ్నిట్ గారు తొక్కని గడప లేదు. ప్రాచీన ప్రతులలోని 'లుకోర్‌పాన్', అనగా అల్పదేహుడు, అన్నదే మూలమని పండితులు నిర్ణయించగా, ఎప్పుడు చూసినా ఒక చెప్పే కుడతాడు గనుక ఆ పేరుకు ఒంటిచెప్పువాడనే అర్థమని పల్లెలు పట్టుబట్టగా, ఉభయ వాదాలనూ సమాన గౌరవంతో నమోదు చేసిన ధర్మమూర్తి ఆమె.

2003లో ఆమె ప్రధాన సంకలనకర్త అయ్యారు. పదకోశం అచ్చుకు సిద్ధమైన ఆ ఏడే సంచాలకులు ఫియక్రా గారు, పలికిన వారి కంఠం టేపు మీద లేని రూపాలన్నిటినీ తొలగించాలని ఆదేశించారు. మన లురికాన్‌కు టేపు లేదు! ఆ పేరును వాడుకలో పలికేవారు కొండలోయలో చెప్పులు కుట్టే మర్టీ తాత ఒక్కరే మిగిలారు.

గోబ్నిట్ గారు పరుగున వెళ్లారు. ఇంటికప్పు కింద ఆ పేరెత్తకూడదని, చిన్నాయన అనే అనాలని మన పసివాళ్లకు కూడా తెలుసు, ఆమెకు తెలియదా? అయినా సంబరం ఆగలేదు. టీకప్పు అందుకుంటూనే, "తాతా, మీ లురికాన్ సంగతి చెప్పండి!" అనేశారు.

మర్టీ తాత ముఖం మాడిపోయింది. "పొయ్యి దగ్గర ఆ పేరా? చదువుకున్నదానివి, బుద్ధుండక్కర్లా? ఇక లే అమ్మాయ్, చీకటి పడకముందే ఇంటికెళ్లు."

మరొకరైతే ఆశ వదులుకునేవారే. మరునాడు ఉదయమే ఆమె మళ్లీ వెళ్లి, తన బూటొకటి తాత ముందు పెట్టారు.

"రెండోదేదీ? కుక్కెత్తుకుపోయిందా?"

"చిన్నాయన కుట్టేది ఒక్కటేగా తాతా. ఆయన్ని మించిన పనిమంతులా మీరు?"

తాత దగ్గు వచ్చేదాకా నవ్వారు. "నీ దుంపతెగ! ఆ టేపు పెట్టె పట్టుకుని బయటికి రా."

హోరుగాలిలో, రాతిగోడ పక్కన, టేపు తిరుగుతుండగా ఆయన పలికారు: "లురికాన్. విన్నావా? ఆ కార్క్ వాళ్ల క్లూరికాన్ ఒట్టి తాగుబోతు, సారా పీపాల దగ్గరే పడుంటాడు. మావాడు కష్టజీవి. ఇద్దర్నీ ఒకే గాటన కట్టారో, మీ ఆఫీసుకొచ్చి కూర్చుంటా!"

టేపు విన్న ఫియక్రా గారు పగలబడి నవ్వి, "విడివిడిగానే వేయండి తల్లీ, ఆయనొస్తే తట్టుకోలేం" అన్నారు. మన పదకోశంలో ఒక్కొక్కరికీ ఒక్కొక్క చోటు దక్కింది ఆనాడే. ఆ శీతాకాలంలోనే మర్టీ తాత కన్నుమూశారు. ఆ లోయలో ఆ పేరు పలికిన కంఠం నేడు మన టేపులో మాత్రమే ఉంది.

చిన్నాయన కంటపడితే చూపు తిప్పరాదు, తిప్పితే మాయమైపోతాడు. నేడు పదవీ విరమణ చేస్తున్న గోబ్నిట్ గారు తమ ఉద్యోగకాలమంతా చూపు తిప్పలేదు, అందుకే చిన్నాయన మనకు మిగిలాడు. భర్త కోనల్ గారితో, కుమార్తెలతో, ఆయురారోగ్యాలతో, ఆ గలగల నవ్వుతో ఆమె నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము. ఇక చూపు తిప్పుకోండమ్మా, రెప్ప వేయకుండా మేం చూస్తుంటాం.