మూత తీయని వేపనూనె సీసా

నా పేరు చెన్నకేశవ. తండ్రి మునెప్ప. వయసు యాభై నాలుగు. సొంతూరు ఉద్దనపల్లి, ఉండేది మూకండపల్లి. బాగలూరు రోజాపూల షెడ్లలో పదకొండేళ్లు పురుగుమందు కొట్టాను. ఇప్పుడు ప్రతి శుక్రవారం భజనమందిరంలో పురాణం చెబుతాను. బడిలో చదివింది రెండో తరగతే, మిగతా అక్షరాలు పురాణం పుస్తకంలోనే కూడబలుక్కున్నాను. ఇది నా చేత్తో రాసి హోసూరు ఇన్‌స్పెక్టరుగారికి ఇస్తున్నాను.

అంగడి సెల్వం నెత్తిన నూనె పోసింది నేనే. ముందు అది రాసుకోండి.

మా దగ్గర పిల్లల తలల్లో పేలు జాస్తి. షిఫ్టులకు పోయే తల్లులకు పేల దువ్వెన పట్టుకుని కూర్చునే తీరిక లేదు. కెమికల్ మందంటే భయం. ఆ భయాన్ని చూసే ఈ రెండేళ్లలో వీధివీధినా ‘నో కెమికల్’ సీసాలు వెలిశాయి. సెల్వం అంగడిలో మూడు అరలు అవే.

సెప్టెంబరు 5, శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు అతను వేపాకు బొమ్మ ఉన్న సీసాలు మందిరానికి తెచ్చి దీపం ముందు పెట్టాడు. నాకు శాలువా కప్పాడు. “సామీ, మీరొక్క మాట సెప్తే సాలు” అన్నాడు. నేను సీసా ఎత్తి చూపి, వేప అంటే అమ్మవారే, ఇందులో విషం లేదు అన్నాను. మూత తీయలేదు. పందొమ్మిది ఇళ్లవాళ్లు కొన్నారు.

7వ తేదీ ఆదివారం ఉదయం తొమ్మిదికి మా వీధి అముద తన ఏడేళ్ల కూతురు శక్తి తలకు ఆ నూనె పట్టించి గుడ్డ చుట్టింది. పదిన్నరకు పిల్ల వాంతి చేసుకుంది. నోట చొంగ కారింది. నేను పరుగెత్తి పోయి ఆటో ఎక్కించడానికి ఎత్తుకున్నాను. అప్పుడు తగిలింది వాసన. పదకొండేళ్లు నా చొక్కాలు వదలని వాసన. షెడ్డు మందు వాసన.

“మీరు సెప్తేనే గదా సామీ పూసినాను” అంది అముద.

ఈ రోజు, సోమవారం, పదకొండు గంటలకు సెల్వం అంగడికి పోయాను. అరలోంచి అదే నూనె సీసా ఒకటి తీసి, “ఇది నీ తలకు పూసుకోప్పా” అన్నాను.

“నా బట్టతలలో పేలు యాడుండాయి సామీ?” అని నవ్వాడు. బేరానికి వచ్చినవాళ్లూ నవ్వారు.

మూత తీశాను. పోశాను.

“నీళ్లు, నీళ్లు! మందురా అది!” అని అరుస్తూ కొళాయికి పరుగెత్తాడు. సోపు పెట్టి మూడుసార్లు కడుక్కున్నాడు. కెమికల్ లేని నూనెకు అంత పరుగెందుకో అతన్ని అడగండి. శక్తి తలమీద అది గంటన్నర ఉంది.

శుక్రవారం మూత తీసి చూశావా అని మీరు అడిగారు. లేదు. తీసుంటే ఒక్క క్షణంలో తెలిసేది. పూతన తల్లి వేషంలో వచ్చి పాలలో విషం పెట్టింది, సరే. గోకులంలో ఆమెకు ఎవరూ శాలువా కప్పించుకుని పీట వేయలేదు. ఇక్కడ పీట వేసింది నేను. కేసులో సెల్వం పేరు కింద నా పేరు రాయండి.

నిన్న సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి పదహారు సీసాలు వెనక్కి తెచ్చాను. అవి మీ బల్లమీద ఉన్నాయి. మూడు దొరకలేదు. నన్ను లోపల వేయడం తర్వాత, ముందు మైకు పెట్టి వీధుల్లో బండి తిప్పండి. శక్తి కృష్ణగిరి పెద్దాసుపత్రిలో ఉంది. ఇంకా కళ్లు తెరవలేదు.

ఇందులో నేను చూసిందీ చేసిందీ తప్ప వేరే మాట లేదు. ఈసారి మొదటి నుంచి చివరి దాకా చదివి చూసుకున్నాకే సంతకం పెడుతున్నాను.

(సంతకం) ము. చెన్నకేశవ
8-9-2025, మధ్యాహ్నం 3.10, హోసూరు