ఫోటోలో మాస్టారి మోచెయ్యి

అధ్యక్షుల కుర్చీలో ఉన్న మా హైస్కూలు హెడ్మాస్టరుగారికి, ఇవాళ పని విరమిస్తూ ఈ ఒక్కరోజుకి కెమెరా ముందు కూర్చోక తప్పని మా ఫోటో మాస్టారికి, ముందు వరసలో ఉన్న మాస్టారి భార్య అమ్మగారికి, మా స్టూడియో గుమ్మం తొక్కిన పెద్దలందరికీ, వెనక తలుపు దగ్గర నిలబడే ఉన్న మా అమ్మకీ నమస్కారం. అమ్మా, అక్కడ కుర్చీలున్నాయి, కూర్చో. ఎవరూ ఏమీ అనరు.

నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. మా ఇంట్లో బడికెళ్ళిన మొదటి మనిషిని నేనే కాబట్టి, కాగితం మీద రాసుకుంటే మాట తప్పిపోదని నాకో నమ్మకం. రాసుకొచ్చాను. కానీ ఇందాక హెడ్మాస్టరుగారు మాట్లాడాక, ఆ తర్వాత మాస్టారి అల్లుడుగారు మాట్లాడాక, ఈ కాగితం పనికొస్తుందో లేదో నాకు అర్థం కావడం లేదు. సరే, చదవగలిగినంత చదువుతాను.

ఆరేళ్ళ కిందట నేను కంప్యూటరు పనికని స్టూడియోలో చేరాను. మొదటిరోజే మాస్టారు నన్ను హోటలు బాబాయిగారి వంటింటికి తీసుకెళ్ళారు. కొత్త మెనూ కార్డుకి ఫోటోలు కావాలి. పొయ్యి మీంచి దించిన కూర, పొగలు కక్కే అన్నం, అప్పుడే కోసిన పళ్ళు, అన్నీ బల్ల మీద ఉన్నాయి, నేనేమో పొద్దున్నించీ ఏమీ తినలేదు, నోరూరిపోతోంది, ఒక్క ముక్క నోట్లో వేసుకోబోతే మాస్టారు చేతిమీద ఒక్కటిచ్చారు. "తిండి ఫోటో ఖాళీ కడుపుతో తియ్యాలి, పెళ్ళి ఫోటో నిండు కడుపుతో తియ్యాలి. తారుమారు చేశావో, రెండూ చెడతాయి" అన్నారు. ఆకలేసినవాడికే అన్నం అందంగా కనిపిస్తుందట. పెళ్ళిలో ఆకలేస్తే మాత్రం కన్ను పెళ్ళికూతురి మీద కాకుండా భోజనాల వైపు పోతుందట. (నవ్వులు) ఆరోజు రెండున్నర దాకా నాకు ముద్ద దొరకలేదు. హోటలు బాబాయిగారు నవ్వుతున్నారు గానీ, ఆ కూర చల్లారిపోయిందని దానిమీద నూనె రాసి మెరిపించి, తర్వాత మాకు వడ్డించింది కూడా అదే కూర. (నవ్వులు)

ఇక మనుషుల ఫోటోలు. మాస్టారు ఫోటో ఎలా తీస్తారో మీ అందరికీ తెలుసు, ఎందుకంటే మీరందరూ మోసపోయినవాళ్ళే. అందర్నీ వరసగా నిలబెడతారు, గడ్డాలు సర్దుతారు, ఒకటి రెండు మూడు అంటారు, మీరు ఊపిరి బిగబడతారు, ఆయన ఒకటి నొక్కుతారు. అది ఉత్తుత్తి ఫోటో. తర్వాత "అయిపోయింది" అంటారు. ఆ మాట వినగానే పెళ్ళికొడుకు లోపలికి పీల్చిన పొట్ట వదిలేస్తాడు, అత్తగారు కోడలి పైట సర్దుతుంది, విసుక్కుంటున్న నాన్న పిల్లాడి తల నిమురుతాడు. అప్పుడు నొక్కేదే అసలు ఫోటో. మీ ఇళ్ళల్లో గోడల మీద ఉన్నవన్నీ "అయిపోయింది" తర్వాత తీసినవే.

ఇక్కడిదాకా కాగితంలో ఉంది. దీని కింద రాసుకున్నది, "రెండేళ్ళుగా మాస్టారి చెయ్యి మరింత తిరిగింది" అని. ఇందాక హెడ్మాస్టరుగారు కూడా సరిగ్గా ఇదే మాటన్నారు. ఆ గోడకి తగిలించిన ఫోటోల్లో కింది వరస ఆరూ చూపించి, ఈ వయసులో ఇంత స్పష్టంగా తియ్యడం సామాన్యం కాదన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతూంటే నా చేతులు నావి కానట్టు అనిపించింది.

(కాగితం మడిచి)

క్షమించండి. మా అమ్మ సంగతి ఒకటి చెప్పాలి. అమ్మకి చదువు రాదు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు పట్టుబట్టి నా పేరొక్కటి నేర్పాను. ఆ నాలుగు అక్షరాలు ఎక్కడ కనిపించినా గుర్తుపడుతుంది, మిగతా లోకమంతా ఆవిడకి గీతలే. పోయినవారం తను పనిచేసే ఇంట్లో గోడమీది ఫోటో దులపడానికి దించింది. ముసలమ్మ బోసినోటితో నవ్వుతున్న ఫోటో. దాని ప్రతే అదిగో, కింది వరసలో మూడోది. ఆ ఫోటో గురించి నేను ఇంట్లో చెప్పి ఉన్నాను. అమ్మ దాన్ని తిరగేసి వెనక వేసిన ముద్రంతా చూసిందట. సాయంత్రం నన్నడిగింది.

"ఏమే, ఆ ముసలమ్మని నువ్వే తీశానన్నావు. వెనకంతా వెతికాను. నువ్వు లేవు."

"అది స్టూడియో ముద్రమ్మా. మాస్టారి పేరుంటుంది."

"మరి నీది ఎక్కడుంటుంది?"

ఆ ప్రశ్న విన్నాక ఈ కాగితంలో ఉన్న వాక్యం అమ్మ ముందు చదవలేను.

ఆ కింది వరస ఆరూ నేను తీసినవి. మాస్టారికి రెండేళ్ళుగా దగ్గరివి మసకగా కనిపిస్తున్నాయి. ఎవరికీ చెప్పలేదు, అమ్మగారికి కూడా. ఆయన తీసిన ఫోటోలు మసగ్గా వస్తూంటే నాకు తెలిసిపోయింది. అప్పట్నించి ఆయన ఎడమపక్క రెండో కెమెరా పట్టుకుని నిలబడ్డాను. ఆయన "అయిపోయింది" అనగానే ఆయనా నొక్కేవారు, నేనూ నొక్కేదాన్ని. ఆయనవి పక్కన పెట్టి, నావి ఆల్బంలో పెట్టి, వెనక ఆయన ముద్ర వేశాను. మాస్టారూ, పండగలాంటి రోజున మీ ముందు ఇలా...

(మాస్టారు, కుర్చీలోంచి: "ఆ ముసలమ్మది మాత్రం నాది.")

ఏమన్నారు మాస్టారూ?

(మాస్టారు: "మిగతా అయిదూ నువ్వే తీసుకో. అది నాదే. నాకు బాగా గుర్తుంది." నవ్వులు)

అంటే మీకు తెలుసా?

(మాస్టారు: "కళ్ళు మసకేశాయి గానీ బుర్ర మసకెయ్యలేదే పిల్లా." పెద్దగా నవ్వులు)

మీరంతా నవ్వుతున్నారు. రెండేళ్ళు గుప్పిట్లో నిప్పు పట్టుకున్నట్టు ఈ మాట దాచుకున్నాను. ఇప్పుడు తేలికపడాలో, కోపం తెచ్చుకోవాలో నాకు తెలియడం లేదు. ఒక్కమాట చెబితే ఏం పోయేది మాస్టారూ?

(మాస్టారు: "నువ్వు చెప్పావా?")

అదీ నిజమే.

కానీ ఆ ముసలమ్మ ఫోటో మీది కాదు మాస్టారూ. ఎదురు చెప్పక తప్పదు. ఆవిడకి పళ్ళు లేవని సిగ్గు, పెదాలు బిగించుకుని కూర్చుంది. మీరు "అయిపోయిందమ్మా, ఇక మూతి వదిలెయ్, నా పళ్ళు మాత్రం సొంతవా?" అన్నారు. ఆవిడ పగలబడి నవ్వింది. అప్పుడు నొక్కాను. ఆ ఫోటో అసలు ప్రతిలో కుడివైపు అంచున చారల చొక్కా, ఒక మోచెయ్యి ఉంటాయి. ఆ మోచెయ్యి మీది. మీ మోచెయ్యి ఉన్న ఫోటో మీరెలా తీస్తారు? (నవ్వులు, చప్పట్లు)

ఆగండి, చప్పట్లు కొట్టకండి. నేను గెలిచానని మీరనుకుంటున్నారు. ఆ ఫోటో మళ్ళీ ఒకసారి చూడండి. ముసలమ్మ చూస్తున్నది నా కెమెరాలోకి కాదు. పక్కకి, మాస్టారి వైపు. ఆ నవ్వు ఆయన తెప్పించింది, ఆయన కోసం వచ్చింది. నేను పక్కనుంచి వేలు ఆడించాను, అంతే. ఆ తర్వాత మోచెయ్యి అడ్డంగా ఉందని కత్తిరించాను. ఆయన పేరు వెయ్యడానికి ఆయన్నే ఫోటోలోంచి తీసేశాను. ఇది గౌరవమో దొంగతనమో, దొంగతనమైతే ఎవరి సొత్తు ఎవరు తీసుకున్నారో, చదువుకున్నదాన్నని పేరేగానీ నా బుర్రకి అందడం లేదు. అమ్మా, నువ్వడిగిన దానికి ఇంతే చెప్పగలను. ఆ ముద్రలో నేను లేను. ఆ ఫోటోలో మాస్టారు లేరు. రెండూ నేను చేసిన పనులే.

అల్లుడుగారు, నేను అన్నయ్యగారని పిలుస్తాను, ఇందాక ఈ వేదిక మీదే చెప్పారు, "మామయ్య చెయ్యి లేని స్టూడియో ఎందుకు, నెలాఖరుకి మూసేస్తున్నాం" అని. ఆ మాట వినకపోయి ఉంటే నేను ఈ కాగితం మొత్తం చదివి, దండం పెట్టి కూర్చునేదాన్నేమో. కాబట్టి ఇందులో నా స్వార్థం లేదని అనలేను. అమ్మ కోసం నోరు విప్పానో, నిజం కోసం విప్పానో, ఆ షట్టరు మూతపడుతుందని భయపడి విప్పానో విడదీసి చెప్పడం నాకు చేతకావడం లేదు. మూడూ ఒకే గొంతులోంచి వచ్చాయి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను అన్నయ్యగారూ. ఈ రెండేళ్ళూ ఆ స్టూడియో నడిచింది మీరనుకున్న చెయ్యితో కాదు. ఆయన మాటా, నా వేలూ. ఆయన మాట నాకు వస్తుందో రాదో తెలియదు. పోయినవారం ఒంటరిగా ఉన్నప్పుడు అద్దం ముందు ఆయనలా "అయిపోయింది" అని చూశాను. ఎవరూ నవ్వలేదు. (నవ్వులు)

నా సమయం ఎప్పుడో దాటిపోయింది, హెడ్మాస్టరుగారు గడియారం చూడకుండా మర్యాద చేస్తున్నారు. వారికి ధన్యవాదాలు. కూర చల్లారినా అన్నం పెట్టిన హోటలు బాబాయిగారికి, నా టిఫిను డబ్బా ఎప్పుడూ ఖాళీగా తిరిగి పంపని అమ్మగారికి, ఓపిగ్గా విన్న మీ అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, మీకు ఏమని ధన్యవాదాలు చెప్పాలో, దేనికి చెప్పాలో, దేనికి క్షమాపణ అడగాలో ఇంకా తేల్చుకోలేదు. తేలాక ఇంటికొచ్చి చెబుతాను.

రేపు ఉదయం పదింటికి ఒక కుటుంబం ఫోటోకి వస్తోంది. ఏడుగురు పెద్దవాళ్ళు, నెల నిండని ఒక పాప. వాళ్ళని రావద్దని నేను చెప్పలేదు. తాళంచెవి మీ దగ్గరే ఉంది అన్నయ్యగారూ. తెరవమని మీరు సెలవిస్తారేమో అని పదికి ముందే వచ్చి షట్టరు దగ్గర నిలబడతాను.

సెలవు.