నీలం జాడీ దారం

ప్రొవిడెన్సియా అనే కరీబియన్ దీవిలో గాలి పెరిగిన సాయంత్రం అది. పగడపు దిబ్బ దాటి వేటకెళ్ళిన నాలుగు పడవల్లో మూడే తిరిగొచ్చాయి. ఇంకా రాని ఆ నాలుగో పడవ వాళ్ళింట్లో తల్లీ కూతురూ బట్టీ తెరిచి, కాల్చిన బొమ్మల టైల్స్ బయటికి తీస్తున్నారు.

"ఇదేంటే? మీ నాన్న పడవ కింద సముద్రం నల్లగా వచ్చింది!"

"నేను నీలమే పూశాననుకున్నానమ్మా."

"మనింట్లో నల్ల సముద్రం ఉన్నది మీ తాత టైలు ఒక్కదానికే. ఆయన వేట నుంచి తిరిగి రాలేదు కాబట్టే కదా అలా వేశాం!"

"కాల్చకముందు రెండు రంగులూ బూడిదలాగే ఉంటాయి కదా..."

"అందుకే కదే నీలం జాడీకి దారం కట్టాను!"

"దారం లేదమ్మా. నిన్న పొద్దున నాన్న గాలానికి కావాలని విప్పుకెళ్ళాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నవ్వుతూ, మీ అమ్మకి చెప్పకు అన్నాడు."

"హమ్మయ్య! అయితే ఇది శకునం కాదు, ఆ మనిషి తుంటరి పని. రానీ, చెవి మెలిపెడతాను."

"వస్తాడు కదమ్మా?"

"ఆ రెండో జాడీ, నీలంది, ఇటు తే. ఇంకో టైలు పూద్దాం. కుంచె సరిగ్గా పట్టు."

"తలకిందులుగా పట్టింది నువ్వేనమ్మా."