పటిక కూడా ఉప్పేనన్నాడు మా మరిది

"మామ్మా, లవణం అంటే నీకు తెలుసా? రేపు కెమిస్ట్రీ పరీక్ష."

లవణమా? ఎందుకు తెలీదే అమ్మలూ. మీ తాతయ్య చెల్లెలు వరలక్ష్మి లేదూ, దాని పెళ్ళి కుదిరింది ఆ మాట మీదే. నవ్వకు, ఆ పుస్తకం కాస్త పక్కన పెట్టి విను.

మా అత్తగారిల్లు ధవళేశ్వరంలో కాలవ గట్టునే కదా. నేను కాపరానికొచ్చిన కొత్త. అప్పటికి మా మావగారు పోయారు... కాదు కాదు, ఉన్నారు, ఆ తర్వాత పోయారు. ఆఖరివాడు మా మరిది సూరిబాబు రాజమండ్రిలో ఇంటరు చదివేవాడు. సాయంత్రం సైకిలు దిగడం ఆలస్యం, కాలేజీలో చెప్పిందంతా మా మీద రుద్దేవాడు. చారులో చింతపండు పిసుకుతుంటే ఆమ్లం అనేవాడు. తమలపాకుకి సున్నం రాస్తుంటే క్షారం అనేవాడు. ఆమ్లం, క్షారం కలిస్తే లవణం పుడుతుందంట. "లవణం అంటే ఏంట్రా?" అని మా అత్తగారు అడిగితే, "ఉప్పమ్మా. పటిక కూడా ఉప్పే, మైలుతుత్తం కూడా ఉప్పే" అన్నాడు. ఆవిడ చదువుకోలేదు గానీ కొడుకు మాటంటే వేదవాక్కు.

పటికంటే నువ్వెరుగుదువో లేదో. అప్పట్లో ఈ వాటర్ టిన్నులెక్కడివి, కాలవ నీళ్ళే తాగేవాళ్ళం. గోదారికి కొత్త నీరొచ్చిందంటే బిందె నిండా ఎర్ర బురదే. పటిక ముక్క తీసుకుని ఆ నీళ్ళలో తిప్పితే మట్టి అడుక్కి దిగి పైన తేటపడేది. అందుకని ప్రతి వంటింట్లోనూ పటిక ఉండేది. చూడ్డానికి రాళ్ళుప్పులాగే ఉంటుంది. నోట్లో పెట్టుకున్నావో, వగరుకి నాలిక ముడుచుకుపోతుంది.

సరే, వరలక్ష్మిని చూసుకోడానికి జంగారెడ్డిగూడెం నుంచి వచ్చారు, పెళ్ళికొడుకూ వాళ్ళ అమ్మానాన్నాను. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళకి ఉప్మా పెట్టి పంపిస్తామా, భోజనమే పెట్టాలనుకున్నాం. అంతకుముందొచ్చిన సంబంధాలు తప్పిపోయి ఆ పిల్ల లోలోపల కుమిలిపోతోంది.

ఆ పెళ్ళికొడుకు తండ్రి ఏం మాటకారనుకున్నావ్. గుమ్మంలో కాలు పెట్టింది మొదలు వాళ్ళ పొగాకు, వాళ్ళ మెట్ట పొలాలు, అదే వరస. మా మావగారు "ఆయ్, ఆయ్" అనడమే. "ఏం చదువుకున్నావు బాబూ?" అని అబ్బాయినడిగితే తండ్రే చెప్పాడు. "పేరేంటి బాబూ?" అంటే అదీ తండ్రే చెప్పాడు. ఆ అబ్బాయి పాపం గట్టున పడ్డ చేపలాగ నోరు తెరవడం, మూయడం.

వంటింట్లో చూస్తే ఉప్పు జాడీ ఖాళీ. కూరకి సరిపోయింది గానీ పులుసుకి లేదు. "సూరిని కొట్టుకి పంపుదామండి" అన్నాను. "చుట్టాల ముందు ఉప్పుకి పరిగెడితే ఏమనుకుంటారే?" అని మా అత్తగారు పటిక తీసి రోట్లో వేశారు. "అత్తయ్యగారూ, వద్దండి" అన్నాను. "నువ్వు చదివింది ఐదు, వాడు చదివేది ఇంటరు" అన్నారు. కొత్త కోడల్ని, ఆవిడ దంచిస్తే తీసుకెళ్ళి పులుసులో వేశాను.

సావిట్లో వడ్డించాను. పెళ్ళికొడుకు తండ్రి పులుసన్నం ఇంత ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నారు. అంతే, చెప్తున్న మాట చెప్తున్నట్టే ఆగిపోయింది. మూతి సున్నాలాగ చుట్టుకుపోయింది. మింగలేరు, ఉమ్మలేరు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మా అత్తగారు సూరిబాబుని లోపలికి పిలిచి, "పటిక ఉప్పేనన్నావు కదరా?" అన్నారు.

"లవణం అన్నానమ్మా."

"లవణం అంటే ఏంటన్నావు?"

"ఉప్పన్నాను. అంటే, మనం తినే ఉప్పు కూడా ఒక లవణమే గానీ, లవణాలన్నీ తినేవి కాదమ్మా."

"ఆ ముక్క మొన్నే చెప్పొచ్చుగా?"

"చెప్పబోయాను. ఈలోగా నువ్వు పక్కింటావిడకి చెప్పడానికెళ్ళిపోయావు."

అక్కడే ఉన్న వరలక్ష్మికి నవ్వాగలేదు. పట్టుచీర కట్టుకున్న పిల్ల, గోడకి చేరగిలబడి విరగబడి నవ్వేసింది. సావిట్లోకి వినబడింది. ఈ సంబంధం కూడా గోదాట్లో కలిసిందనుకున్నాను.

అప్పుడే అమ్మలూ, ఆ అబ్బాయి నోరు తెరిచాడు. తండ్రికి మాట పెగలట్లేదు కదా మరి. "నాకు అమ్మాయి నచ్చిందండి. ఆవిడకి నేను నచ్చానో లేదో కనుక్కోండి" అన్నాడు. తండ్రి చెయ్యి ఊపుతున్నారు. అవుననో, కాదనో, నీళ్ళు పొయ్యమనో. మా మావగారు మాత్రం అవుననే తీసుకున్నారు. ఎవరూ అడక్కముందే లోపల్నుంచి వరలక్ష్మి "ఆయ్" అంది.

వైశాఖంలో పెళ్ళి చేశాం. వియ్యంకుడు గారు వంటశాలలోకొచ్చి, ఉప్పు ఇంత నాలిక మీద వేసుకుని చూసి మరీ పంక్తిలో కూర్చున్నారు.

మొన్న వరలక్ష్మి ఫోన్ చేసింది. వెనకాల ఒకటే గోల, దాని మాట నాకు వినబడి చస్తేనా. ఎవరే అదీ అంటే, "ఇంకెవరు వదినా, మా ఆయనే. ఆ వేళ పెళ్ళిచూపుల్లో మాట మొదలెట్టారు, ఇంకా ఆపలేదు" అంది.

నువ్వు చదువుకో తల్లీ. బాగా రాయి. చల్లగా ఉండు... ఆ పొయ్యి మీదదేదో పొంగుతున్నట్టుంది, చూడు.