బట్టతల మీద ఫ్లెక్సీ

"ఒరేయ్ అబ్బాయ్, ముందు ఆ టీ తాగు, చల్లారిపోతోంది. రేపు మార్కెట్ సంఘం ఎన్నికలు పెట్టుకుని ఇలా మొహం వేలాడేస్తే ఎలా? అవును, ఆ ఫ్లెక్సీ కట్టించింది నేనే. 'నెత్తిన నాలుగు వెంట్రుకలు నిలబెట్టుకోలేనివాడు మార్కెట్‌ని నిలబెడతాడా?' అని రాయించిందీ నేనే. నీ మీద అభిమానం కొద్దీ రాయించాను."

"నీ అభిమానం నా కొంప ముంచింది బాబాయ్," అన్నాడు ప్రెసిడెంటుగా నిలబడ్డ బట్టల కొట్టు కుర్రాడు. "నా మీద పోటీ చేస్తున్న గడియారాల కొట్టు పెదనాన్నగారే నాకీ మార్కెట్లో కొట్టు ఇప్పించింది. ఇప్పుడాయన మొహం ఎలా చూడను? పైగా ఇక్కడ సగం మందివి బట్టతలలే."

"ఓస్, ఇంతేనా! ఇంతకంటే పెద్ద ముప్పు నగరంలో ఒక అభ్యర్థికొచ్చింది. ఆయన మిత్రపక్షం వాళ్ళూ ఇలాగే ఎదుటివాడి బట్టతల మీద ప్రకటన బోర్డు పెట్టారు. ఊరంతా గగ్గోలు. సలహాదారుల్లో ఒకడు 'మనకి తెలీదందాం' అంటాడు, ఇంకొకడు 'వాళ్ళ నోరు, వాళ్ళిష్టం అందాం' అంటాడు. నేనక్కడే మైకు సరిచేస్తున్నాను కదా, ఉండబట్టలేక అన్నాను: 'అయ్యా, మీవాళ్ళేం చేస్తున్నారో మీకే తెలీకపోతే ఊరి సంగతేం తెలుస్తుందంటారు జనం. మీ చేత్తో మీరే పీకేసి, తప్పయిందనండి' అని. ఆయన లేచి నన్ను కావలించుకున్నాడు."

"కావలించుకున్నాడా!" అంది టీ కొట్టు అక్క, గ్లాసులు కడుగుతూ.

"మైకు అడ్డొచ్చింది గానీ, లేకపోతే వదిలేవాడు కాదమ్మా. సరే, బోర్డు దగ్గరికెళ్ళాం. బోర్డంటే మన గోడ మీదిలాంటిది కాదు, దాని వెనక వీధుల్లో మధ్యాహ్నం దాకా తెల్లారేది కాదు. నిచ్చెన మీద నిచ్చెన వేశాం. దారి చూపించడానికి నేనే ముందెక్కాను. మేఘాలు తగిలి చొక్కా తడిసిపోయింది. ఆయన ఒక కొస, నేనొక కొస పట్టి లాగామా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది ఊరి మీద పడి, రాత్రయిందనుకుని ఊరంతా పడుకుంది!"

"మరి ఓట్లెవరు వేశారు?" అన్నాడు బెంచీ మీది ఆటో డ్రైవరు.

"లేపాం లేవయ్యా! ఆయన మైకులో 'తప్పయింది' అనేసరికి బట్టతలలవాళ్ళంతా బావురుమన్నారు. వీధుల్లో కన్నీళ్ళు నడుం లోతు. పడవలేసుకొచ్చి మరీ ఓట్లేశారు. ఎదుటి అభ్యర్థి కూడా ఆనందం పట్టలేక మాకే వేశాడు. అంతటితో అయిందా? సాయంత్రానికి ఆయన నున్నటి తల మీద జుట్టు మొలిచింది! నొక్కుల జుట్టు! దువ్వుకోమని నా దువ్వెన నేనే ఇచ్చాను."

బెంచీ చివర పేపరు కిందికి దిగింది. దాని వెనక గడియారాల పెద్దాయన.

కుర్రాడు చటుక్కున లేచాడు. "పెదనాన్నగారూ, అది కట్టింది మావాళ్ళే. తప్పయిందండీ. ఓట్లు పోతే పోయాయి, ఇప్పుడే వెళ్ళి పీకేస్తాను."

పెద్దాయన వాడి భుజం తట్టి కూర్చోబెట్టాడు. "నువ్వా మాటన్నావు, నాకది చాలు. మేఘాల దాకా ఎక్కినవాణ్ణి పక్కన పెట్టుకుని నువ్వెక్కడమేంట్రా?" బాబాయి వైపు తిరిగాడు. "పద తమ్ముడూ, నిచ్చెన నేను పట్టుకుంటాను. దువ్వెన మాత్రం జేబులో పెట్టుకునే ఎక్కు. నువ్వు దిగేసరికి నాకు జుట్టు మొలుస్తుందిగా!"